హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ 2023-24 సీజను

హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ (హైదరాబాద్ ఎఫ్.సి.) 2023-24 సీజను, ఇండియన్ సూపర్ లీగులో ఆ క్లబ్బు ఆడిన ఐదవ సీజను. అంతకు రెండేళ్ళ క్రితమే లీగు విజేతగా నిలిచి, మునుపటి సంవత్సరము పట్టికలో రెండవ స్థానము పొందిన ఈ జట్టు, ఈ సీజనులో 22 ఆటలలో ఒకే ఒక్క విజయము సాధించి, 12 జట్లలో చిట్టచివరి స్థానములో నిలిచింది. ఆటగాళ్ళ జీతాల బకాయిలు, ఫిఫా విధించిన నమోదు నిషేధము, సీజను మధ్యలో జరిగిన వలసలు ఈ పతనానికి ముఖ్య కారణాలు. జట్టు వరుసగా ఓడిపోతున్నపుడు కోచ్ సామర్థ్యముపై అభిమానులలో సందేహాలు తలెత్తాయి. ఓటమికి కోచ్ ఎంతవరకు బాధ్యుడు, యాజమాన్యము ఎంతవరకు బాధ్యురాలు అనే ప్రశ్నకు భారత ఫుట్‌బాల్‌లో ఈ సీజను ఒక ముఖ్యమైన ఉదాహరణ.

నేపథ్యము

తెలుగు ప్రాంతాలలో క్రికెట్‌కు ఉన్నంత ఆదరణ ఫుట్‌బాల్‌కు లేకపోయినా, హైదరాబాదు నగరానికి ఈ ఆటలో ఘనమైన చరిత్ర ఉంది. 1950వ దశకములో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశములోని అత్యుత్తమ జట్లలో ఒకటిగా వెలుగొందింది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఈ జట్టు గెలుచుకున్నది. ఆ జట్టుకు శిక్షణనిచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకు కూడా కోచ్‌గా పనిచేశాడు. ఇతని శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలోను, 1962 జకార్తా ఆసియా క్రీడలలోను స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందింది. రహీం 1963 జూన్‌లో కాన్సర్ వ్యాధితో మరణించాడు.

ఆ తరువాతి దశాబ్దాలలో నగర ఫుట్‌బాల్ క్రమముగా క్షీణించింది. 2014లో ఇండియన్ సూపర్ లీగు ఎనిమిది జట్లతో ప్రారంభమైనపుడు తెలుగు రాష్ట్రాలకు అందులో చోటు దక్కలేదు. అందువలన 2019లో హైదరాబాదు పేరుతో ఒక జట్టు లీగులో ప్రవేశించడము, రహీం కాలాన్ని గుర్తుంచుకున్నవారికి ప్రత్యేకమైన ఆశ కలిగించింది.

క్లబ్బు స్థాపన

పూణే నగరానికి చెందిన ఎఫ్.సి. పూణే సిటీ జట్టు 2019లో మూతపడింది. ఆ స్థానములో హైదరాబాద్ ఎఫ్.సి. 2019 ఆగస్టు 27న ఏర్పడింది. పారిశ్రామికవేత్త విజయ్ మద్దూరి, అంతకు ముందు కేరళ బ్లాస్టర్స్ ముఖ్య కార్యనిర్వహణాధికారిగా పనిచేసిన వరుణ్ త్రిపురనేని దీని యజమానులు. సినీ నటుడు దగ్గుబాటి రానా కూడా సహ యజమానిగా చేరాడు. పూణే జట్టులోని పలువురు ఆటగాళ్ళు, వారి కోచ్ ఫిల్ బ్రౌన్ కొత్త జట్టులోకి వచ్చారు. జట్టు దుస్తుల ప్రధాన రంగు పసుపు. "డెక్కన్ లీజియన్" అనే పేరుతో అభిమానుల బృందము ఏర్పడింది.

మైదానము

క్లబ్బు సొంత ఆటలకు గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి అథ్లెటిక్ స్టేడియము వేదికగా ఉండేది. కోనసీమకు చెందిన గంటి మోహనచంద్ర బాలయోగి స్మారకముగా దీనికి ఈ పేరు పెట్టారు. బాలయోగి 1951 అక్టోబరు 1న కోనసీమలోని ఎదుర్లంక గ్రామములో జన్మించాడు. అమలాపురం నియోజకవర్గము నుండి 1991, 1998, 1999 ఎన్నికలలో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1998 మార్చి నుండి లోక్‌సభ స్పీకరుగా పనిచేశాడు. ఆ పదవిని చేపట్టిన తొలి దళితుడు ఇతడే. 2002 మార్చి 3న కృష్ణా జిల్లా కైకలూరు సమీపములో జరిగిన హెలికాప్టరు ప్రమాదములో మరణించాడు. గోదావరిపై యానాం - ఎదుర్లంక వారధికి కూడా ఇతని పేరే ఉంది.

2002 డిసెంబరులో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడల కొరకు ఈ క్రీడా ప్రాంగణము నిర్మించబడింది. 2003 ఆఫ్రో-ఆసియా క్రీడలకు కూడా ఇది వేదికయ్యింది. మైదానము చుట్టూ పరుగు పందేల ట్రాకు ఉండడము వలన, ఫుట్‌బాల్ కోసమే కట్టిన స్టేడియాలతో పోలిస్తే ఇక్కడ ప్రేక్షకులు ఆటకు కొంత దూరములో కూర్చోవలసి ఉంటుంది.

తొలి సీజను (2019-20)

క్లబ్బు ఏర్పడిన రెండు నెలలలోపే లీగు మొదలయింది. తొలి కోచ్ ఫిల్ బ్రౌన్ ఇంగ్లాండుకు చెందినవాడు. 2008లో హల్ సిటీ జట్టును ప్రీమియర్ లీగుకు చేర్చిన అనుభవము ఇతనికి ఉంది. 2019 అక్టోబరు 25న కోల్‌కతాలో జరిగిన మొదటి ఆటలోనే హైదరాబాదు జట్టు ఏటీకే చేతిలో 5-0 తేడాతో ఓడింది. తరువాత జంషెడ్‌పూర్‌లోనూ ఓటమి ఎదురయింది. నవంబరు 2న గచ్చిబౌలిలో జరిగిన మొదటి సొంత ఆటలో కేరళ బ్లాస్టర్స్‌పై 2-1 తేడాతో గెలిచి, జట్టు తన తొలి విజయాన్ని నమోదు చేసింది. మార్కో స్టాంకోవిచ్, మార్సెలీన్యో గోల్స్ చేశారు.

ఆ గెలుపు తరువాత 14 ఆటల వరకు మరొక విజయము లభించలేదు. ముఖ్య ఆటగాళ్ళు గాయపడడము, నెస్టర్ గోర్దిల్లో సీజను ఆరంభములో నిషేధము వలన అందుబాటులో లేకపోవడము జట్టును దెబ్బతీశాయి. రక్షణ శ్రేణి బలహీనత ప్రతి ఆటలోనూ బయటపడింది. కోచ్‌ను మార్చాలన్న అభిప్రాయము బలపడి, 2020 జనవరిలో చెన్నయిన్ ఎఫ్.సి. చేతిలో సొంత మైదానములో ఓడిన వెంటనే యాజమాన్యము బ్రౌన్‌ను తొలగించింది. జేవియర్ గుర్రి లోపెజ్ తాత్కాలిక బాధ్యతలు స్వీకరించాడు. చివరి ఆటలో నార్త్ఈస్ట్ యునైటెడ్‌పై 5-1 తేడాతో గెలిచినా, 18 ఆటలలో 10 పాయింట్లతో జట్టు పదవ స్థానములో, అనగా అట్టడుగున నిలిచింది.

తరువాతి సీజను కొరకు ఇంతకు ముందు బెంగళూరు ఎఫ్.సి.కి శిక్షణనిచ్చిన ఆల్బర్ట్ రోకాను నియమించారు. అయితే 2020 ఆగస్టులో ఇతడు బార్సెలోనా క్లబ్బులో చేరడానికి వెళ్ళిపోయాడు. ఆ నెలాఖరున స్పెయిన్ దేశానికే చెందిన మనోలో మార్కెజ్‌ను కోచ్‌గా తీసుకున్నారు.

మార్కెజ్ కాలము (2020-2023)

మార్కెజ్ మూడు సీజన్లు పనిచేశాడు. యువ భారతీయ ఆటగాళ్ళకు వరుసగా అవకాశాలు ఇవ్వడము, తరచూ జట్టును మార్చకపోవడము ఇతని విధానములో ప్రధానమైనవి. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటివారు ఇతని వద్దనే పేరు తెచ్చుకున్నారు. కరోనా మహమ్మారి కారణముగా 2020-21, 2021-22 సీజన్లు మొత్తము గోవాలోనే, ఎక్కువ భాగము ప్రేక్షకులు లేకుండా జరిగాయి. అందువలన జట్టు ఎదుగుదలను హైదరాబాదు అభిమానులు టెలివిజన్‌లో మాత్రమే చూడగలిగారు.

2020-21లో జట్టు ఐదవ స్థానములో నిలిచి, ప్లేఆఫ్ అవకాశాన్ని కొద్దిలో కోల్పోయింది. 2021-22లో 38 పాయింట్లతో రెండవ స్థానము పొందింది. నైజీరియాకు చెందిన బార్తలోమ్యూ ఒగ్బెచే 18 గోల్స్‌తో ఆ సీజనులో అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడయ్యాడు. సెమీఫైనల్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ను ఓడించి ఫైనల్ చేరిన జట్టు, 2022 మార్చి 20న మడ్గావ్‌లోని ఫతోర్దా స్టేడియములో కేరళ బ్లాస్టర్స్‌ను ఎదుర్కొన్నది. 88వ నిమిషములో సాహిల్ తవోరా చేసిన గోలుతో ఆట 1-1గా సమమయింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్‌లను అడ్డుకోగా, హైదరాబాదు 3-1 తేడాతో గెలిచి తొలిసారి విజేత అయింది.

2022-23లో జట్టు 42 పాయింట్లతో మళ్ళీ రెండవ స్థానము పొందింది. సెమీఫైనల్‌లో రెండు అంచెలలోనూ గోల్స్ నమోదు కాలేదు. చివరకు పెనాల్టీలలో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో ఓడింది. సీజను ముగిశాక మార్కెజ్ ఎఫ్.సి. గోవాకు వెళ్ళాడు.

2023-24 సీజనుకు ముందు

2023 వేసవిలో జట్టు స్వరూపము చాలావరకు మారిపోయింది. ఒగ్బెచే క్లబ్బును వదిలాడు. ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి, హాలిచరణ్ నార్జరీ బెంగళూరుకు, బోర్హా హెరేరా, హావియెర్ సివేరియో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. మూడేళ్ళుగా కలిసి ఆడిన బృందము ఒక్కసారిగా చెదిరిపోయింది.

మార్కెజ్ తరువాత శిక్షణ భారము ప్రధానముగా ఇద్దరిపై పడింది. ఒకరు కంబోడియాలో పనిచేసి వచ్చిన ఐర్లాండు దేశస్థుడు కానర్ నెస్టర్. మరొకరు మణిపూర్‌కు చెందిన తాంగ్‌బోయ్ సింగ్టో. సింగ్టో గతములో షిల్లాంగ్ లజోంగ్ జట్టు కోచ్‌గా, కేరళ బ్లాస్టర్స్ సహాయ కోచ్‌గా పనిచేశాడు. మార్కెజ్ కాలములోనూ హైదరాబాదు శిక్షణ బృందములో ఉన్నాడు. ఐ.ఎస్.ఎల్.లో ఎక్కువ జట్లకు విదేశీ కోచ్‌లే ఉన్న కాలములో, ఒక భారతీయుడు పూర్తి సీజను జట్టును నడిపించడము అరుదైన విషయము.

సీజను గమనము

మొదటి ఆటలో కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్‌పై ముందుగా గోలు చేసినప్పటికీ హైదరాబాదు 2-1 తేడాతో ఓడింది. ఆ తరువాత కొన్ని ఆటలు డ్రాగా ముగిసినా, విజయము మాత్రము దక్కలేదు. 2023 చివరికి మైదానము బయటి సమస్యలే ప్రధాన వార్తలయ్యాయి. జీతాలు అందడము లేదన్న ఫిర్యాదులు బయటికి వచ్చాయి. ఫిఫా నిషేధము వలన కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకునే అవకాశము పోయింది. నెస్టర్ సీజను పూర్తికాక ముందే క్లబ్బును వదిలాడు.

2024 జనవరి బదిలీల గడువులో ఉన్న ఆటగాళ్ళు కూడా వెళ్ళిపోయారు. రక్షణ శ్రేణిలోని చింగ్లెన్‌సానా సింగ్ బెంగళూరుకు, మధ్య శ్రేణిలోని మహమ్మద్ యాసిర్ గోవాకు చేరారు. విదేశీ ఆటగాళ్ళు దాదాపు అందరూ నిష్క్రమించారు. బ్రెజిల్ దేశస్థుడైన జోవావ్ విక్టర్ మాత్రము మిగిలాడు. లీగు నియమాల ప్రకారము ప్రతి జట్టు నలుగురు విదేశీ ఆటగాళ్ళను ఒకేసారి మైదానములోకి దించవచ్చు. ప్రత్యర్థులు నలుగురితో ఆడుతుండగా, హైదరాబాదు జట్టు ఒక్కరితో, రిజర్వు జట్టు నుండి తీసుకున్న యువకులతో ఆడవలసి వచ్చింది.

పదిహేనుకు పైగా ఆటలు గెలుపు లేకుండా గడిచిన తరువాత, 2024 మార్చి 9న చెన్నైలో చెన్నయిన్ ఎఫ్.సి.పై 1-0 తేడాతో జట్టు గెలిచింది. ఆ సీజనులో అదే ఏకైక విజయము. సొంత మైదానమైన గచ్చిబౌలిలో ఒక్క ఆట కూడా గెలవలేదు.

సీజను ముగిసేసరికి జట్టు 22 ఆటలలో 1 గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములతో 8 పాయింట్లు మాత్రమే సాధించింది. 10 గోల్స్ చేసి, 43 గోల్స్ ఇచ్చింది. పదకొండవ స్థానములో నిలిచిన జంషెడ్‌పూర్‌కు 21 పాయింట్లు ఉన్నాయి. అంటే చివరి రెండు స్థానాల మధ్యనే 13 పాయింట్ల అంతరము ఏర్పడింది. మునుపటి సీజనులో ఇదే జట్టు 20 ఆటలలో 36 గోల్స్ చేసి, 16 గోల్స్ మాత్రమే ఇచ్చింది.

యూరప్ దేశాల లీగులలో వలె ఐ.ఎస్.ఎల్.లో చివరి జట్టును కింది శ్రేణికి పంపే పద్ధతి అప్పటికి అమలులో లేదు. అందువలన అట్టడుగున నిలిచినా హైదరాబాదు తన స్థానము కోల్పోలేదు. రహీం జీవితము ఆధారముగా తీసిన హిందీ చిత్రము "మైదాన్" 2024 ఏప్రిల్‌లో, ఈ సీజను ముగింపు రోజులలోనే విడుదలయ్యింది.

జీతాల బకాయిలు, నమోదు నిషేధము

ఫుట్‌బాల్ ఆటగాడికి, క్లబ్బుకు మధ్య ఒప్పందాలను అంతర్జాతీయ స్థాయిలో ఫిఫా నియమాలు నియంత్రిస్తాయి. ఈ నియమాల ప్రకారము కనీసము రెండు నెలల జీతము చెల్లించకపోతే, ఆటగాడు క్లబ్బుకు రాతపూర్వకముగా తెలిపి 15 రోజుల గడువు ఇవ్వాలి. అప్పటికీ చెల్లించకపోతే న్యాయమైన కారణముతో ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. ఆ తరువాత మిగిలిన మొత్తము కొరకు ఫిఫా వివాద పరిష్కార విభాగాన్ని ఆశ్రయించవచ్చు.

తీర్పు ఆటగాడికి అనుకూలముగా వచ్చి, నిర్ణీత గడువులో క్లబ్బు డబ్బు చెల్లించకపోతే, కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా నిషేధము అమలులోకి వస్తుంది. బాకీ తీర్చగానే నిషేధము తొలగిపోతుంది. తీర్చకపోతే వరుసగా మూడు బదిలీ గడువుల వరకు కొనసాగవచ్చు. క్లబ్బును వదిలివెళ్ళిన ఆటగాడి పాత బాకీ కూడా ఇప్పుడున్న జట్టుపైననే ప్రభావము చూపుతుంది. ఆ బాకీతో సంబంధము లేని కోచ్, ఆటగాళ్ళు దాని ఫలితాన్ని అనుభవించవలసి వస్తుంది.

ఈ నిషేధము ఒక వైపు మాత్రమే పనిచేస్తుంది. జట్టులోకి రావడాన్ని ఆపుతుంది కాని, వెళ్ళిపోవడాన్ని ఆపదు. 2023-24లో హైదరాబాదు జట్టు ప్రతి నెలా బలహీనపడడానికి ఇదే కారణము. గాయపడినవారి స్థానములో, వెళ్ళిపోయినవారి స్థానములో కొత్తవారిని తెచ్చుకునే మార్గము లేకపోయింది.

కోచ్‌పై సందేహాలు

ఇంగ్లాండులో సంప్రదాయముగా "మేనేజరు" అనే వ్యక్తి జట్టు ఎంపిక, శిక్షణతో పాటు ఆటగాళ్ళ కొనుగోలులోనూ నిర్ణయాధికారము కలిగి ఉండేవాడు. ఐ.ఎస్.ఎల్. జట్లలో "హెడ్ కోచ్" పదవి దీనికి కొంత భిన్నమైనది. ఎవరిని ఆడించాలి, ఏ వ్యూహముతో ఆడాలి, ఎలా సాధన చేయించాలి అనేవి కోచ్ పనులు. ఒప్పందాలు, జీతాలు, బదిలీల ఖర్చు యాజమాన్యము చేతిలో ఉంటాయి. కాని ఆట జరుగుతున్నపుడు గీత వద్ద అందరికీ కనిపించే వ్యక్తి కోచ్ ఒక్కడే. అందువలన ఓటమికి మొదటి ప్రశ్న అతనికే ఎదురవుతుంది.

సింగ్టో విషయములో రెండు రకాల వాదనలు ఉన్నాయి. మొదటి వాదన ప్రకారము, ఎంత బలహీనమైన జట్టుతోనైనా 22 ఆటలలో 10 గోల్స్ మాత్రమే చేయడము వ్యూహ లోపానికి గుర్తు. పైగా జనవరి వలసలకు ముందు, విదేశీ ఆటగాళ్ళు ఉన్నప్పుడు కూడా జట్టు ఒక్క ఆటా గెలవలేదు. కనుక తప్పంతా యాజమాన్యానిదే అనడము సరికాదని ఈ వాదన చెప్పేవారి అభిప్రాయము.

రెండవ వాదన ప్రకారము, జీతము అందని ఆటగాళ్ళను ప్రతి రోజు సాధనకు రప్పించి, సీజను చివరి ఆట వరకు జట్టును మైదానములోకి దించడమే ఆ పరిస్థితిలో కోచ్ చేయగలిగిన పని. అందరూ వెళ్ళిపోతున్నపుడు సింగ్టో నిలిచాడని, అబ్దుల్ రబీ, హితేశ్ శర్మ వంటి యువకులు ఎక్కువ ఆటలు ఆడగలిగారని వీరు చెబుతారు.

ఈ రెండు వాదనలలో ఏది సరైనదో 2023-24 సీజను ఒక్కదానిని బట్టి తేల్చడము కష్టము. వనరులు లేని జట్టులో కోచ్ సామర్థ్యము బయటపడదు, లోపమూ బయటపడదు. ముందు, వెనుక సీజన్లతో పోల్చినపుడు మాత్రమే కొంత స్పష్టత వస్తుంది.

2019-20లోనూ జట్టు చివరి స్థానములోనే నిలిచింది. అప్పుడు కోచ్‌ను మార్చడము, మంచి యువ ఆటగాళ్ళను చేర్చుకోవడము రెండూ జరిగాయి. ఒక ఏడాదిలో అది ఐదవ స్థానానికి, రెండేళ్ళలో విజేత స్థాయికి చేరింది. 2023-24లో కోచ్‌ను మార్చినా కొత్తవారిని నమోదు చేసే వీలు లేదు. మార్పు జరగవలసిన చోటు వేరు. మరొక వైపు మార్కెజ్ గోవాకు వెళ్ళాక ఆ జట్టును 2023-24లో మూడవ స్థానములో, 2024-25లో రెండవ స్థానములో నిలిపాడు. 2025లో సూపర్ కప్పు గెలిపించాడు. మధ్యలో 2024 జూలై నుండి 2025 జూలై వరకు భారత జట్టు కోచ్‌గానూ ఉన్నాడు. అంటే హైదరాబాదు పూర్వ విజయాలలో కోచ్ పాత్ర తక్కువేమీ కాదు. అయితే గోవాలోనూ ఇతనికి స్థిరమైన జట్టు, సక్రమముగా నడిచే క్లబ్బు లభించాయన్నది గమనించవలసిన విషయము.

2024-25 సీజను

2024లో బి.సి. జిందాల్ గ్రూపు క్లబ్బు యాజమాన్యాన్ని స్వీకరించింది. ఈ మార్పు కొత్త సీజను ఆరంభానికి అతి సమీపములో జరగడము వలన జట్టును హడావిడిగా కూర్చవలసి వచ్చింది. సింగ్టోను కోచ్‌గా కొనసాగించారు.

2024 అక్టోబరులో కోల్‌కతాలో మహమ్మదన్ స్పోర్టింగ్‌పై 4-0 తేడాతో గెలుపు లభించింది. ఇందులో బ్రెజిల్ ఆటగాడు ఆలన్ పౌలిస్టా రెండు గోల్స్ చేశాడు. నవంబరు ఆరంభములో కొచ్చిలో కేరళ బ్లాస్టర్స్‌పై 2-1 తేడాతో నెగ్గింది. ఆ రెండు గోల్స్‌నూ ఆంద్రే ఆల్బా చేశాడు. ఈ విజయాలతో జట్టు కోలుకుంటున్నదన్న ఆశ కలిగింది. కాని వెంటనే వరుస ఓటములు మొదలయ్యాయి. నవంబరు చివరిలో ఒడిశా ఎఫ్.సి. చేతిలో 6-0 తేడాతో ఓడడము వాటిలో అతి పెద్దది.

నమోదు నిషేధము తొలగిపోయి, కొత్త విదేశీ ఆటగాళ్ళు వచ్చిన తరువాత కూడా ఫలితాలు మెరుగుపడకపోవడముతో, కోచ్‌పై సందేహాలకు మునుపటి కంటే బలము చేకూరింది. 2024 డిసెంబరులో సింగ్టో, క్లబ్బు విడిపోయారు. రిజర్వు జట్టు కోచ్‌గా ఉన్న కేరళకు చెందిన షమీల్ చెంబకత్ తాత్కాలిక బాధ్యత తీసుకున్నాడు. ఇతని కాలములో జంషెడ్‌పూర్‌పై 3-2, మహమ్మదన్ స్పోర్టింగ్‌పై 3-1 తేడాతో జట్టు గెలిచింది. మొత్తము 24 ఆటలలో 18 పాయింట్లతో 13 జట్లలో 12వ స్థానము పొందింది. కోచ్ మార్పుతో ఆటలో కొంత నిలకడ వచ్చింది కాని, పట్టికలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

తరువాతి పరిణామాలు

2025 అక్టోబరులో క్లబ్బును ఢిల్లీకి తరలించి, "స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ" అని పేరు మార్చారు. ఆరు సీజన్లు ఆడిన తరువాత ఐ.ఎస్.ఎల్.లో హైదరాబాదు పేరు లేకుండా పోయింది. పూణే జట్టు మూతపడడము వలన 2019లో హైదరాబాదుకు దక్కిన స్థానము, అదే విధముగా మరొక నగరానికి తరలిపోయింది. కింది శ్రేణికి పంపే పద్ధతి లేని లీగులో ఓటముల వలన జట్టు స్థానము పోదు, యాజమాన్య నిర్ణయము వలన ఒక నగరము తన జట్టును కోల్పోగలదు. ఓడిన జట్టుకు మరుసటి ఏడాది మళ్ళీ ప్రయత్నించే అవకాశము ఉంటుంది. తరలిపోయిన జట్టు అభిమానులకు ఆ అవకాశము లేదు.

హైదరాబాదు కేంద్రముగా ఆడిన మరొక క్లబ్బు శ్రీనిధి డెక్కన్ ఎఫ్.సి. విశాఖపట్నము పేరుతో మొదలయిన ఈ క్లబ్బు 2021-22లో రెండవ శ్రేణి అయిన ఐ-లీగులో ప్రవేశించింది. 2022-23, 2023-24 సీజన్లలో వరుసగా రెండవ స్థానము పొందింది. పై శ్రేణిలో హైదరాబాద్ ఎఫ్.సి. అట్టడుగున ఉన్న సంవత్సరములోనే, అదే నగరములోని ఈ జట్టు ఐ-లీగు విజేత స్థానము కొరకు పోటీపడడము గమనార్హము.

సీజన్ల వారీగా హైదరాబాద్ ఎఫ్.సి. లీగు ఫలితాలు

2019-20: ఆటలు 18, గెలుపు 2, డ్రా 4, ఓటమి 12, పాయింట్లు 10, స్థానము 10. కోచ్: ఫిల్ బ్రౌన్, తరువాత జేవియర్ గుర్రి లోపెజ్.
2020-21: ఆటలు 20, గెలుపు 6, డ్రా 11, ఓటమి 3, పాయింట్లు 29, స్థానము 5. కోచ్: మనోలో మార్కెజ్.
2021-22: ఆటలు 20, గెలుపు 11, డ్రా 5, ఓటమి 4, పాయింట్లు 38, స్థానము 2 (ఫైనల్ విజేత). కోచ్: మనోలో మార్కెజ్.
2022-23: ఆటలు 20, గెలుపు 13, డ్రా 3, ఓటమి 4, పాయింట్లు 42, స్థానము 2. కోచ్: మనోలో మార్కెజ్.
2023-24: ఆటలు 22, గెలుపు 1, డ్రా 5, ఓటమి 16, పాయింట్లు 8, స్థానము 12. కోచ్‌లు: కానర్ నెస్టర్, తాంగ్‌బోయ్ సింగ్టో.
2024-25: ఆటలు 24, గెలుపు 4, డ్రా 6, ఓటమి 14, పాయింట్లు 18, స్థానము 12. కోచ్: తాంగ్‌బోయ్ సింగ్టో, తరువాత షమీల్ చెంబకత్.

ఇవి కూడా చూడండి

ఇండియన్ సూపర్ లీగ్
సయ్యద్ అబ్దుల్ రహీం
హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు
జి.ఎం.సి. బాలయోగి
శ్రీనిధి డెక్కన్ ఎఫ్.సి.